వాన నీటికి ఇవ్వవలసిన గడువు

(మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మారకోపన్యాస పాఠం. ఇంజనీర్ల దినోత్సవం, హైదరాబాద్)



 విశ్వేశ్వరయ్య గారు 1861 సెప్టెంబరు 15న కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో పుట్టారు. ఆయన ఇంటిపేరుగా నిలిచిన మోక్షగుండం మాత్రం మన ప్రకాశం ప్రాంతంలోని ఊరు. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ పనులు చాలా ఉన్నాయి. ఈ ఊళ్లో ఉండి మాట్లాడుతున్నప్పుడు మూసీ సంగతితో మొదలుపెట్టడమే న్యాయం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. సుమారు పదిహేను వేల మంది ప్రాణాలు పోయాయని అంచనా. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన ముందుగా చేసిన పని లెక్కలు కూడగట్టడం. నగరానికి ఎగువన నదికి నీరందించే పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు. ఆ వరదలో 221 చెరువులు తెగాయి. శంషాబాద్‌లో 48 గంటల్లో 18.9 అంగుళాల వాన కురిసింది. నగరం దగ్గర వరద ఉధృతి 4,25,000 క్యూసెక్కులని ఆయన తేల్చారు. ఆ లెక్కల మీద నిలబడి, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, వరదను ఆపి నిలిపే జలాశయాలు కట్టాలని సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఆ సూచనలోని సారం ఇది. కురిసే వానను ఎవరూ తగ్గించలేరు. ఆ నీరంతా ఒకేసారి ఊరి మీద పడకుండా, దానికి కొంత గడువు పెట్టగలం. మన వృత్తిలో ఆ గడువును కొలిచే అంకె ఒకటుంది. టైమ్ ఆఫ్ కాన్సెంట్రేషన్ అంటాం. ఈ పూట దాన్ని చేరిక కాలం అని పిలుస్తాను. వాననీటి కాలువల లెక్కల్లో ఇంత చిన్నగా కనిపించి ఇంత పెద్ద ఫలితాన్ని శాసించే అంకె ఇంకోటి లేదు. దాన్ని పట్టికలోంచి ఎత్తి రాసేయకూడదనీ, నేల మీద నడిచి తేల్చాలనీ చెప్పడమే నా ఉద్దేశం.

ఎందుకు ఈ అంకె

ఒక పరీవాహక ప్రాంతంలో, నీటి దారిలో చూస్తే అన్నిటికంటే దూరంగా ఉన్న చోట పడిన చుక్క, మనం కాలువ కట్టబోయే చోటికి చేరడానికి పట్టే సమయమే చేరిక కాలం. ఇక్కడ దూరమంటే ప్రయాణ సమయంలో దూరం. కొలత టేపు మీద దగ్గరగా ఉన్న గడ్డి మైదానం, సిమెంటు కాలువ పక్కనున్న దూరపు వీధికంటే సమయంలో దూరం కావచ్చు.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి జాతరకు బయల్దేరిన బళ్లను తలుచుకోండి. దగ్గర ఊరివి ముందు వస్తాయి, దూరపువి తర్వాత వస్తాయి. అన్ని ఊళ్ల బళ్లూ వచ్చి చేరుతున్న ఘడియలోనే దారి బాగా కిక్కిరిసి ఉంటుంది. వాన చేరిక కాలం కన్నా ముందే ఆగిపోతే దూరపు నేల నుంచి నీరు వచ్చే సరికి దగ్గరి నీరు వెళ్లిపోతుంది. అంతకన్నా ఎక్కువసేపు కురిసే వానకు సగటు తీవ్రత తగ్గుతుంది, ఎందుకంటే పది నిమిషాలు కుండపోతగా కురిసే వాన అదే జోరుతో రెండు గంటలు కురవదు. అందుకే చేరిక కాలమంత సేపు కురిసే వాననే డిజైన్ వానగా తీసుకుంటాం.

ఈ ఆలోచనను మొదట స్పష్టంగా చెప్పినవాడు ఐర్లండ్ ఇంజనీరు థామస్ మల్వేనీ, 1851లో. అమెరికాలోని రోచెస్టర్ నగర మురుగు కాలువల అనుభవంతో ఎమిల్ కుయిక్లింగ్ 1889లోనూ, ఇంగ్లండులో లాయిడ్ డేవిస్ 1906లోనూ దాన్ని నగరాలకు వాడారు. అదే మనం రేషనల్ పద్ధతి అని చదువుకున్నది. హెక్టార్లలో విస్తీర్ణాన్ని, గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రతను, ప్రవాహ గుణకాన్ని హెచ్చవేసి 360తో భాగిస్తే సెకనుకు ఘనపు మీటర్లలో గరిష్ఠ ప్రవాహం వస్తుంది. ఇందులో విస్తీర్ణం సర్వేలో తేలుతుంది. గుణకానికి పట్టికలున్నాయి. తీవ్రత మాత్రం చేరిక కాలం మీద ఆధారపడుతుంది. అక్కడ తప్పిన లెక్క ఇంక ఎక్కడా సర్దుకోదు.

మల్వేనీ వ్యాసం అసలు విషయం కూడా గుర్తుంచుకోదగ్గది. వానను, వరదను తమంతట తామే నమోదు చేసే పరికరాలను వాడి ఈ రెంటి సంబంధాన్ని గమనించాలన్నదే దాని సందేశం. సూత్రం కన్నా ముందు కొలత గురించి మాట్లాడాడాయన.

సూత్రం పుట్టిన నేల

చేరిక కాలానికి సూత్రాలు చాలా ఉన్నాయి. ప్రతిదానికీ ఒక పుట్టిన ఊరుంది. మన దేశంలో విరివిగా వాడే కిర్పిచ్ సూత్రం 1940లో వచ్చింది. దానికి ఆధారం అమెరికాలోని టెనెస్సీలో ఏడు చిన్న వ్యవసాయ పరీవాహక ప్రాంతాలు. వాటిలో పెద్దది 112 ఎకరాలు. వాలు నూటికి మూడు నుంచి పది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చిన్న వంతెనల, కల్వర్టుల పుస్తకం ఎస్పీ 13లో ఉన్న సూత్రం చూడండి. కిలోమీటర్లలో పొడవు ఘనాన్ని 0.87తో హెచ్చవేసి, మీటర్లలో ఎత్తు తేడాతో భాగించి, 0.385 ఘాతానికి ఎత్తమంటుంది. గంటల్లో జవాబు వస్తుంది. అంకెలు వేసి చూస్తే అది కిర్పిచ్ జవాబే. అంటే మన పల్లె రోడ్డు చప్టా కింద తూము వెడల్పును చాలాసార్లు టెనెస్సీ పొలాలు నిర్ణయిస్తున్నాయి. అది తప్పని అనను. ఏ నేల మీద పుట్టిన సూత్రమో తెలిసి వాడాలంటాను.

బ్రాన్స్‌బీ విలియమ్స్ సూత్రానికి మన దేశంతో నేరుగా సంబంధం ఉంది. 1922లో ఆయన రాసిన వ్యాసం భారతదేశపు వరద ప్రవాహాల గురించి, జలాశయాల అలుగుల కొలతల గురించి. అది పెద్ద, పల్లె పరీవాహక ప్రాంతాల చూపుతో చేసిన పని.

ఒకే నేల మీద ఈ రెండూ ఏమంటాయో చూద్దాం. ఊరి శివారులో 40 హెక్టార్ల నేల, అంటే దాదాపు వంద ఎకరాలు ఉందనుకోండి. నీటి దారి పొడవు ఒక కిలోమీటరు, ఎత్తు తేడా 12 మీటర్లు. కిర్పిచ్ లెక్కకు 22 నిమిషాలు వస్తుంది. బ్రాన్స్‌బీ విలియమ్స్ లెక్కకు 39 నిమిషాలు. వాన తీవ్రత సమయానికి 0.6 ఘాతంలో తగ్గుతుందనుకుంటే, ఈ ఒక్క ఎంపికతోనే డిజైన్ ప్రవాహంలో నలభై శాతం తేడా వచ్చేసింది. పైగా మన నేల వాలు నూటికి ఒకటింపావు లోపే. కిర్పిచ్ చూసిన వాలుల్లో అది లేనే లేదు.

దారిని ముక్కలు చేసి చూడటం

మరి ఏం చేయాలి? నీటి దారిని ఉన్నదున్నట్టు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు సమయం కట్టాలి. అమెరికా వ్యవసాయ శాఖ నేల పరిరక్షణ విభాగం టీఆర్ 55 అనే పుస్తకంలో ఈ దారిని మూడు భాగాలు చేసింది. మొదట నీరు పలచని పొరలా నేల మీద పరుచుకుని సాగుతుంది. తర్వాత చిన్న చిన్న పాయలుగా కూడుతుంది. ఆ తర్వాత కాలువలో పడుతుంది. పలచని పొరగా సాగే దూరం పదుల మీటర్లను మించదు. మొదట ఆ విభాగమే 300 అడుగుల దాకా ఒప్పుకుని, తర్వాత దాన్ని 100 అడుగులకు కుదించింది.

మన 40 హెక్టార్లకే ఈ పద్ధతి వేద్దాం. ఇంకా ఇళ్లు రాని రోజు లెక్క ముందు. రెండేళ్లకోసారి వచ్చే 24 గంటల వాన 80 మిల్లీమీటర్లు అనుకుందాం. మొదటి 30 మీటర్లు పొట్టి గడ్డి మీద పొరలా సాగడానికి 12 నిమిషాలు. తర్వాతి 270 మీటర్లు మట్టి మీద చిన్న పాయలుగా సాగడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు. మిగతా 700 మీటర్లు పొదలున్న మట్టి వాగులో సెకనుకు 0.8 మీటర్ల వేగంతో పదిహేను నిమిషాలకు కొంచెం తక్కువ. మొత్తం 35 నిమిషాలు. ఒక కిలోమీటరు దారిలో మొదటి 30 మీటర్లే మూడో వంతు సమయం తీసుకున్నాయి. ఆ గడ్డి నేల విలువ అది.

ఇప్పుడు అక్కడ లేఅవుట్ వచ్చింది. ఇంటి ముంగిళ్లు సిమెంటు చేశారు. వీధులు తారు వేశారు. వాగును కాంక్రీటు పెట్టె కాలువ చేశారు. మొదటి 30 మీటర్లకు ఒకటిన్నర నిమిషం చాలు. వీధి అంచున 270 మీటర్లకు ఆరున్నర నిమిషాలు. కాలువలో సెకనుకు 2 మీటర్ల వేగంతో ఆరు నిమిషాల లోపే. మొత్తం 14 నిమిషాలు. నేల అదే, వాలు అదే, మబ్బు అదే. నీటి గడువు సగానికన్నా తగ్గిపోయింది.

దీని ఫలితం ప్రవాహంలో చూద్దాం. 35 నిమిషాల వాన తీవ్రత గంటకు 50 మిల్లీమీటర్లు అనుకుంటే, అదే 0.6 ఘాతంతో 14 నిమిషాల వానకు అది 87 దగ్గరికి వస్తుంది. గుణకం 0.35 నుంచి 0.8కి పెరిగింది. మొదట సెకనుకు 1.9 ఘనపు మీటర్లున్న ప్రవాహం 7.7 అయింది, నాలుగు రెట్లు. ఒక మాట మనసులో పెట్టుకోండి. లేఅవుట్ వచ్చిందని గుణకం మార్చి, చేరిక కాలం పాతదే ఉంచితే జవాబు 4.4 మాత్రమే వస్తుంది. ఆ లెక్కతో కట్టిన కాలువ రావలసిన నీటిలో పదింట ఆరు పాళ్ల కన్నా తక్కువే మోస్తుంది, మిగతా నాలుగు పాళ్ల పైచిలుకు వీధిలోకి వస్తుంది. గుణకం మార్చి సమయాన్ని మరిచిపోవడం మన లెక్కల్లో మళ్లీ మళ్లీ కనబడే లోపం. పరిశీలనకు వచ్చిన ప్రతి డిజైన్‌లోనూ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి.

జాగ్రత్తలు కొన్ని

విద్యార్థుల కోసం మూడు విషయాలు.

మొదటిది. మొత్తం ప్రాంతం నుంచి నీరు చేరినప్పుడే గరిష్ఠ ప్రవాహం అన్నది ఎప్పుడూ నిజం కాదు. ఎగువన 30 హెక్టార్ల పచ్చని నేల, దిగువన 10 హెక్టార్ల బజారు ఉన్నాయనుకోండి. పై వానే, ఆ నేలలకు తగిన గుణకాలు తీసుకుని మొత్తానికి 40 నిమిషాల చేరిక కాలంతో లెక్క వేస్తే సెకనుకు 1.9 ఘనపు మీటర్లు. బజారుకు ఒక్కదానికే 8 నిమిషాలతో వేస్తే 3 ఘనపు మీటర్లు. చిన్న భాగమే పెద్ద వరద తెచ్చింది. కాబట్టి కట్టడాలతో నిండిన భాగాన్ని విడిగా లెక్క వేసి, రెంటిలో పెద్దదాన్ని తీసుకోవాలి.

రెండోది. నేల మీద పొరగా సాగే నీటి వేగం వాన తీవ్రత మీద ఆధారపడుతుంది. వాన జోరు పెరిగితే నీరు త్వరగా చేరుతుంది. అంటే సమయం తెలియాలంటే తీవ్రత కావాలి, తీవ్రత తెలియాలంటే సమయం కావాలి. ఒకటి అనుకుని, రెండోది తేల్చి, మళ్లీ మొదటిదాన్ని సరిచేస్తూ రెండూ కుదిరేదాకా పోవాలి. రెండేళ్ల వానకూ యాభై ఏళ్ల వానకూ ఒకే చేరిక కాలం వాడటం ప్రమాదం.

మూడోది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్ఈఈఓ వాననీటి కాలువల కోసం 2019లో ప్రత్యేకంగా మాన్యువల్ తెచ్చింది. కాలువ నోటిదాకా నీరు చేరే ప్రవేశ కాలం సాధారణంగా 5 నుంచి 30 నిమిషాలని మన మాన్యువళ్లు చెబుతూ వచ్చాయి. అది హద్దుల వెడల్పు. అందులో నచ్చిన అంకె తీసుకోమని దాని అర్థం కాదు. పదిహేను రాయడానికీ అయిదు రాయడానికీ మధ్య ఒక వీధి మునగడమో మునగకపోవడమో ఉంది.

కొలవని వానతో లెక్క ఎలా

చేరిక కాలం పద్నాలుగు నిమిషాలైన చోట రోజు మొత్తం వాన ఎంతో తెలిస్తే చాలదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో అక్కడే 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల పైన కురిసింది. ఈ అంకెలు మనందరికీ నోటికి వచ్చు. కాలువ డిజైనుకు కావలసింది ఆ 24 గంటల్లో అన్నిటికన్నా ఉధృతమైన పది నిమిషాల్లో ఎంత కురిసిందన్నది. పైగా ఒకే నగరంలో బేగంపేటకూ ఘట్‌కేసర్‌కూ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. అందుకే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన పట్టణ వరదల మార్గదర్శకాలు నగరాల్లో ప్రతి 4 చదరపు కిలోమీటర్లకు ఒక ఆటోమేటిక్ వానమాపకం ఉండాలన్నాయి. పట్టణీకరణ వల్ల వరద గరిష్ఠం 1.8 నుంచి 8 రెట్ల దాకా పెరుగుతుందనీ, వరద నిమిషాల్లో వచ్చిపడుతుందనీ ఆ పత్రమే హెచ్చరించింది.

వానమాపకాలు ఇప్పుడు పెరిగాయి, సంతోషం. నాలాల్లో నీటి మట్టాన్ని నిమిషనిమిషం నమోదు చేసే గేజీలూ అంతే అవసరం. వాన గరిష్ఠానికీ నాలా గరిష్ఠానికీ మధ్య ఎంత సమయం గడిచిందో తెలిస్తే, సూత్రం చెప్పిన చేరిక కాలాన్ని మన నేల మీద సరిచూసుకోవచ్చు. ఒక వానాకాలపు నమోదు పది సూత్రాల తగువు తీర్చగలదు.

గొలుసుకట్టు చెప్పిన పాఠం

మన పూర్వులు ఈ లెక్క కాగితం మీద వేయలేదు గానీ నేల మీద రాశారు. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు వాగులో పడి దిగువ చెరువుకు చేరుతుంది. ఒక్కో చెరువూ వరదను కొంతసేపు పట్టి, పలచన చేసి వదిలేది. కాకతీయుల కాలం నుంచి తెలంగాణ నేల మీద పరుచుకున్న గొలుసుకట్టు చెరువులు సాగునీటి కోసం కట్టినవే అయినా, ప్రతి వాగు చేరిక కాలాన్నీ పొడిగించాయి. మూసీ ఎగువన చదరపు మైలుకు దాదాపు ఒక చెరువు ఉండేదని విశ్వేశ్వరయ్య గారి లెక్క చెబుతోంది.

ఆ లెక్కే రెండో పాఠమూ చెప్పింది. తెగిన 221 చెరువులు అప్పటిదాకా ఆపిన నీటిని ఒక్కసారిగా వదిలేశాయి. కట్ట బలంగా లేక, మత్తడి చాలక తెగిన చెరువు ఇచ్చిన గడువునంతా వెనక్కి లాక్కుంటుంది. 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు, బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు తెగినప్పుడు దిగువ కాలనీలు దాన్ని మళ్లీ చవిచూశాయి. కాబట్టి చెరువును మిగుల్చుకుంటే చాలదు. పెరిగిన వరదకు తగ్గట్టు మత్తడిని మళ్లీ లెక్క కట్టాలి. ఎగువన చేరిక కాలం సగమైతే ఆ మత్తడి మీదికి వచ్చే వరద పాత లెక్కకు అందదు.

ఇక నాలాలు. కూకట్‌పల్లి, బంజారా, పికెట్, బల్కాపూర్ నాలాలు నాలుగూ హుస్సేన్‌సాగర్‌లో కలుస్తాయి. ఒక్కో నాలాకు ఒక్కో చేరిక కాలం. ఒకదాని గరిష్ఠం వచ్చేసరికి ఇంకోదాని గరిష్ఠం దాటిపోతే దిగువకు మేలు. ఒక నాలాను వెడల్పు చేసి, గోడలు కట్టి, నున్నగా చేస్తే ఆ వీధి బాగుపడుతుంది. దాని గరిష్ఠం ముందుకు జరిగి పక్క నాలా గరిష్ఠంతో కలిస్తే దిగువ వీధి మునుగుతుంది. అందుకే నాలా పని ఏదైనా మొత్తం నాలాల సమయపట్టిక ముందు పెట్టుకుని చేయాలి. వార్డు హద్దులు, కాంట్రాక్టు ప్యాకేజీల హద్దులు నీటికి తెలియవు.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. నీటిని ఆలస్యం చేయమంటున్నానంటే పూడిక తీయని నాలాను సమర్థిస్తున్నానని కాదు. చెత్తతో మూసుకుపోయిన నాలా కూడా నీటిని ఆలస్యం చేస్తుంది, కానీ ఆ నీరు జనం ఇళ్లలో నిలుస్తుంది. గడువు ఇవ్వాల్సింది చెరువులో, పార్కులో, గడ్డి వాలులో, ఇంకుడు గుంతలో. కాలువలోకి వచ్చాక నీరు అడ్డులేకుండా పోవాలి.

ఆ గడువు ఖరీదెంత? మన 40 హెక్టార్ల లేఅవుట్‌కే లెక్క వేద్దాం. ఇళ్లు వచ్చాక కూడా బయటికి పోయే ప్రవాహం పాత 1.9 ఘనపు మీటర్లను దాటకూడదనుకుంటే, పై వానకు సుమారు 7,500 ఘనపు మీటర్ల నిల్వ కావాలి. నిల్వను నిర్ణయించే వాన పద్నాలుగు నిమిషాలది కాదు, గంటన్నరకు అటూఇటూ కురిసేది. ఆ సంగతి మరిస్తే కుంట చిన్నదైపోతుంది. ఒకటిన్నర మీటర్ల లోతున తవ్వితే అర హెక్టారు నేల చాలు. వంద ఎకరాల లేఅవుట్‌లో ఎకరం పావు. పార్కులకు ఎలాగూ వదలవలసిన స్థలంలో ఇది చిన్న భాగం. వాన లేని రోజుల్లో పిల్లలు అక్కడే ఆడుకోవచ్చు.

మన చేతిలోని పని

విశ్వేశ్వరయ్య గారిని తలుచుకోవడమంటే ఆయనలా లెక్క వేయడం. యువ ఇంజనీర్లకు నా విన్నపాలు నాలుగు. చేరిక కాలం రాసే ముందు పరీవాహక ప్రాంతం మీద ఎగువ గట్టు నుంచి కాలువ నోటిదాకా నడవండి, వీలైతే వానలో నడవండి. డిజైన్ నోట్‌లో ఒక్క అంకె రాసి వదలకుండా నీటి దారి పటం, ఒక్కో ముక్క పొడవు, వాలు, వేగం, సమయం రాయండి. పై అధికారి అడగకపోయినా రాయండి. ఎగువన కొత్త లేఅవుట్ వచ్చినప్పుడల్లా ఆ లెక్క మళ్లీ తీయండి. ఒకే సూత్రంతో ఆగకుండా రెండు మూడింటితో పోల్చి, తేడా ఎందుకొచ్చిందో ఒక వాక్యంలో చెప్పండి.

అనుమతులిచ్చే పెద్దలకు ఒక్క విన్నపం. లేఅవుట్ ముందు వరద గరిష్ఠం ఎంత, తర్వాత ఎంత అన్న లెక్క లేని ఏ ప్లానుకూ సంతకం పెట్టకండి. పెరిగినదాన్ని ఎవరి నేలలో ఆపుతారో ఆ కాగితంలోనే ఉండాలి. దిగువ బస్తీ జనం ఎగువ సిమెంటుకు మూల్యం చెల్లించడం న్యాయం కాదు.

1909లో కంప్యూటరు లేదు, రాడారు లేదు, ఉపగ్రహ చిత్రం లేదు. ఉన్న కొద్దిపాటి నమోదులతో, ఓపికతో ఒక మనిషి ఒక నగరాన్ని రక్షించే దారి చూపాడు. మన దగ్గర ఇవన్నీ ఉన్నాయి. ఈ వానాకాలంలోనే మీ పరిధిలోని ఒక్క నాలాకు చేరిక కాలాన్ని కొలిచి చూడండి, పాత ఫైలులోని అంకెతో పోల్చండి, తేడా ఉంటే రాతపూర్వకంగా పైకి పంపండి.